పాత అంబాసిడర్‌లోకి 1800 ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు ఎక్కించడం ఎలా?

చిత్తూరులో మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న నాన్న అంబాసిడర్ మళ్లీ రోడ్డెక్కినప్పటి నుంచి చాలామంది అడుగుతున్నారు, ఇంజిన్ ఎలా మార్చారు, మా బండిలో కూడా పడుతుందా అని. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పడం కంటే మొత్తం ఒకచోట రాసేస్తే మేలు.

ఎందుకు మార్చానో ముందు చెప్తాను. పాత అంబాసిడర్‌లో ఉండేది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, నాలుగు గేర్లు, స్టీరింగ్ కిందే గేర్ రాడ్డు. ఊళ్లో తిరగడానికి దానికి వంక పెట్టలేం. కానీ ఇంటిల్లిపాదీ ఎక్కి పలమనేరు వైపు బయల్దేరితే మొగిలి ఘాట్‌లో రెండో గేరులో మూలుగుతూ ఎక్కాల్సిందే, వెనక లారీలు హారన్ కొడుతుంటాయి, ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంటుంది, ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది. నాన్న బండి అమ్మడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇంజిన్ మార్చాలని నిర్ణయించుకున్నాను.

ఏ ఇంజిన్?

నా మాట ఒక్కటే. మీ బండి బాడీలో ఆ కంపెనీయే ఒకప్పుడు ఏ పెద్ద ఇంజిన్ బిగించి అమ్మిందో అదే తీసుకోండి. హిందుస్థాన్ మోటార్స్ 1990ల మొదట్లోనే ఇదే అంబాసిడర్ బాడీలో 1817 సీసీ ఇసుజు ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు పెట్టి అమ్మింది. అదే కంపెనీ ఇంకో కారు కాంటెస్సాలో నడిచిందీ అదే. అంటే ఫౌండేషన్లు (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే బిగింపులు) ఎక్కడ రావాలి, గేర్ లివర్ నేలలో ఎక్కడ పైకి లేవాలి, రేడియేటర్‌కి ఎంత జాగా మిగలాలి అన్న లెక్కలు ఫ్యాక్టరీలో ఎప్పుడో తేలిపోయాయి. వేరే కంపెనీ కొత్త ఇంజిన్ చూసి ఆశపడితే ఆ లెక్కలన్నీ మీరు మొదటి నుంచి చేసుకోవాలి, కాగితాల దగ్గర కూడా చిక్కే.

1800 అంటే ఈ 1817 సీసీ ఇంజినే. ఇందులో కార్బురేటర్ ఉన్నదీ ఉంది, తర్వాత వచ్చిన ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) కూడా ఉంది. మొదటిసారి చేసేవాళ్లు కార్బురేటర్‌దే తీసుకోండి. ఎంపీఎఫ్‌ఐ అయితే ఈసీయూ (ఆ కంప్యూటర్), సెన్సర్లు, పూర్తి వైరింగ్, ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు, ట్యాంకుకి రిటర్న్ పైపు అన్నీ కావాలి. దాని లైన్‌లో ఒత్తిడి సుమారు 3 బార్ ఉంటుంది, పాత రబ్బరు పైపు దాన్ని తట్టుకోలేదు. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్మితే బండి అంటుకుంటుంది.

ముందు కాగితాలు, తర్వాతే స్పానర్

చాలామంది ఈ పని చివర చేస్తారు. తప్పు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. తయారీదారు ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా మార్పులు కుదరవని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో తేల్చి చెప్పింది. ఇంజిన్ మారితే ఇంజిన్ నంబరు మారుతుంది, ఇక్కడ సీసీ కూడా మారుతుంది. కాబట్టి ఇంజిన్ కొనకముందే మీ ఆర్టీఓ ఆఫీసుకి ఆర్సీ తీసుకెళ్లి, ఇదే కంపెనీ ఇదే మోడల్లో అమ్మిన ఇంజిన్ అని చూపించి, అనుమతి ఇస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇవ్వం అంటే అక్కడితో ఆగండి, ఉన్న ఇంజిన్‌కే బోరు చేయించి కొత్త పిస్టన్లు వేయించుకోండి. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది, అప్పుడు ఇన్‌స్పెక్టర్ చూసేది ఇంజిన్ నంబరే. అనుమతి లేని మార్పు ఉంటే, యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్సువాళ్లు క్లెయిమ్‌కి అడ్డం తిరిగే ప్రమాదం కూడా ఉంది.

ఇంజిన్ కొనడం

మన చిత్తూరు నుంచి చెన్నై పుదుపేట దగ్గరే, పాత సామాను కోసం ఎక్కువమంది వెళ్లేది అక్కడికే. ఎక్కడ కొన్నా సెట్టుగా కొనండి: ఇంజిన్, బెల్ హౌసింగ్, ఫ్లైవీల్, క్లచ్, గేర్ బాక్స్, సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్, ఫౌండేషన్ బ్రాకెట్లు, గేర్ లివర్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్సు నుంచి వెనక ఇరుసుకి తిప్పుడు చేరవేసే పొడవాటి గొట్టం) ముందు యోక్ (గేర్ బాక్సులోకి దూరే కొన), వీలైతే రేడియేటర్. నేను బ్రాకెట్లు లేకుండా కొన్నాను, తర్వాత పంపిస్తామని చెప్పిన దుకాణం వాళ్లు పంపనే లేదు, వాటి కోసం మూడు వారాలు తిరిగాను. బిల్లు మీద ఇంజిన్ నంబరు రాయించుకోండి, ఆ ఇంజిన్ ఏ బండిలోదో దాని ఆర్సీ కాపీ కూడా అడగండి. కాగితం లేని ఇంజిన్ ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు.

కొనేముందు స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేసి, బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టించి, నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ గేజ్‌తో చూడండి. అంకె ఎంత అన్నదాని కంటే నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి మిగతావాటి కంటే బాగా తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూడండి: పెరిగితే రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులు కానీ హెడ్ ప్యాకింగ్ కానీ. ఆయిల్ మూత తెరిస్తే లోపల పాలు కలిపిన కాఫీ రంగులో జిడ్డు కనబడిందంటే నీళ్లు కలిశాయేమోనని అనుమానించాలి, ఆ ఇంజిన్ నేనైతే తీసుకోను.

దించేముందు కొలతలు

పాత ఇంజిన్ ఇంకా బండిలో ఉండగానే కొలవాల్సినవి ఉన్నాయి. ముందు చక్రాల మీద మడ్‌గార్డ్ అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో రాసుకోండి. అంబాసిడర్‌కి ముందు టార్షన్ బార్లు (మెలి తిరుగుతూ స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) ఉంటాయి కదా, కొత్త ఇంజిన్ బరువుకి బండి ఎత్తు మారితే వాటితో సరిచేయడానికి ఈ అంకె కావాలి. ఇంకోటి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, టైరు మీద, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, చక్రం ఒక చుట్టు తిరిగేదాకా బండిని నెడుతూ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. వెనక ఇరుసులో ఉండే పళ్ల చక్రాల జత, అంటే మీ క్రౌన్ పినియన్ లెక్క అదే. కొత్త గేర్ బాక్సు ఐదో గేరులో ఇంజిన్ ఎంత నెమ్మదిగా తిరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రతి వైరుకి, ప్రతి పైపుకి చీటీ కట్టి ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఆ తర్వాత బ్యాటరీ, బానెట్, రేడియేటర్, సైలెన్సర్ పైపు, ప్రొపెల్లర్ షాఫ్ట్ వరుసగా తీసేసి, చైన్ బ్లాక్‌తో ఇంజిన్, గేర్ బాక్సు కలిపే దించేయవచ్చు. చైన్ బ్లాక్ తగిలించిన దూలం బరువు మోస్తుందో లేదో ముందే చూసుకోండి. వేలాడే ఇంజిన్ కిందికి చెయ్యి కూడా పోనివ్వకండి.

కూర్చోబెట్టి చూడటం

కొత్త ఇంజిన్‌ని వెంటనే బిగించేయాలని అనిపిస్తుంది. ఆగండి. గేర్ బాక్సు తగిలించిన ఇంజిన్‌ని ఊరికే దింపి కూర్చోబెట్టి, చుట్టూ చూడండి. కింద ఛాంబర్‌కి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి), స్టీరింగ్ రాక్‌కి, క్రాస్ మెంబర్‌కి (ముందు అడ్డ దూలం) మధ్య కనీసం రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి, ఎందుకంటే ఫౌండేషన్ రబ్బరు మీద ఇంజిన్ ఊగుతుంది. బానెట్ మూసి చూడటానికి పైన మెత్తటి బంకమట్టి ముద్ద పెట్టి మూయండి, ఎంత మిగిలిందో అదే చెప్తుంది. గేర్ లివర్ కోసం నేల కొయ్యాల్సి వస్తే ముందు అట్టముక్కతో నమూనా చేసుకుని అవసరమైనంతే కొయ్యండి. అంబాసిడర్‌కి లారీలా వేరే షాసీ ఉండదు, బాడీయే షాసీ, మధ్యలో గేర్ బాక్సు, షాఫ్ట్ పోయే సొరంగం బలహీనపడితే బండే వంగుతుంది. కోసిన అంచు చుట్టూ రేకు పట్టీ వెల్డింగ్ చేయించండి. ఫౌండేషన్లు మాత్రం రబ్బరువే పెట్టండి. కదలకుండా ఉంటుందని కొందరు ఇనుముతో నేరుగా వెల్డింగ్ చేస్తారు, తర్వాత బాడీ అంతా అదిరి బ్రాకెట్ల దగ్గర పగుళ్లు వస్తాయి.

ప్రొపెల్లర్ షాఫ్ట్

నేను డబ్బు, సమయం ఎక్కువ పోగొట్టుకున్నది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. ఐదు గేర్ల బాక్సు పొడవు వేరు, పాత షాఫ్ట్ సరిపోదు, లేత్ షాపులో కొత్త కొలతకి చేయించాలి. నేను బండిని జాకీల మీద ఎత్తి, వెనక చక్రాలు గాలిలో వేలాడుతుండగా కొలిచాను. షాఫ్ట్ చేయించి బిగించాం, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే కింద నుంచి ఠక్కుమని దెబ్బ. మా మేస్త్రీ కిందికి దూరి చూసి, "కొలత తీసేటప్పుడు బండి తన కాళ్ల మీద నిలబడుండాల నాయనా, వేలాడేసి తీస్తే ఎట్లా?" అన్నాడు. చక్రాలు వేలాడుతుంటే కమానులు కిందికి జారి వెనక ఇరుసు హౌసింగ్ కిందికి దిగుతుంది, గేర్ బాక్సుకి పినియన్‌కి మధ్య దూరం ఎక్కువ చూపిస్తుంది. షాఫ్ట్ పొడుగైపోతుంది. చక్రాలు నేల మీద ఆనగానే అది వెళ్లి గేర్ బాక్సుని పొడుస్తుంది. అలాగే నడిపి ఉంటే బాక్సు వెనక బేరింగ్ పోయేది.

కాబట్టి చక్రాలు నేల మీద ఆని, బండి బరువు మొత్తం వాటి మీద ఉన్నప్పుడే కొలవండి. ముందు యోక్‌ని గేర్ బాక్సులోకి పూర్తిగా తోసి, అక్కడ నుంచి సుమారు 20 నుంచి 25 మిల్లీమీటర్లు బయటికి లాగి, ఆ స్థానం నుంచి పినియన్ ఫ్లాంజ్ దాకా కొలత తీసుకోండి. తర్వాత కోణం. ఫోన్‌లో లెవెల్ చూసే యాప్ ఉంటుంది కదా, గేర్ బాక్సు తోక వాలు, పినియన్ వాలు రెండూ చూడండి, అవి ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, ఒక్కో క్రాస్ (షాఫ్ట్ చివర ఉండే కీలు) దగ్గర వంపు ఒకటి నుంచి మూడు డిగ్రీలు ఉంటే మంచిది. షాఫ్ట్ రెండు చివర్ల యోక్ చెవులు ఒకే వరసలో ఉండాలి. చివరగా తప్పకుండా బ్యాలెన్సింగ్ చేయించండి, లేకపోతే అరవై దాటగానే సీటు కింద వణుకు మొదలవుతుంది.

మిగతా పనులు

క్లచ్ విషయంలో పెడల్ వైపు, గేర్ బాక్సు వైపు ఉన్న పద్ధతి ఒకటేనా అని చూసుకోండి, హైడ్రాలిక్ అయితే గేర్ బాక్సు దగ్గర క్లచ్‌ని తోసే స్లేవ్ సిలిండర్ ఎంత కదులుతుందో కొలవండి. బాక్సు బయట ఉన్నప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ చివర ఉండే చిన్న పైలట్ బేరింగ్ కొత్తవి వేసేయండి, మళ్లీ దించాలంటే రెండు రోజుల పని. స్టీరింగ్ కింది పాత గేర్ రాడ్లన్నీ తీసేయాలి. మీటర్ కేబుల్ కొత్త బాక్సుకి పడుతుందో లేదో, పట్టినా వేగం సరిగ్గా చూపిస్తుందో లేదో చూసుకోండి.

రేడియేటర్ మన ఎండలకి తగ్గది ఉండాలి. పాతదాన్నే కడిగి వాడదామనుకోకండి. ఫ్యాన్ చుట్టూ రేకు కవర్ కూడా పెట్టండి, అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్‌లోంచి గాలి సరిగ్గా లాగదు.

కరెంటు పనిలో ఎక్కువమంది మరిచిపోయేది ఇంజిన్‌కి, బాడీకి మధ్య లావు ఎర్త్ పట్టీ. ఇంజిన్ రబ్బరు మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీ లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు వేరే దారి వెతుక్కుని యాక్సిలరేటర్ కేబుల్‌లోంచి పోతుంది, కేబుల్ కాలిపోతుంది. డైనమో ఉన్న బండి అయితే ఆల్టర్నేటర్‌కి తగ్గట్టు వైర్లు లావువి మార్చాలి, బ్యాటరీలో ఏ కొన ఎర్త్‌కి పోతుందో ముందు చూసుకోవాలి.

బ్రేకులు ఇంజిన్ కంటే ముందే చేయించాలని నా అభిప్రాయం. పాత డ్రమ్ముల బ్రేకులు పాత ఇంజిన్ వేగానికి సరిపోయేవి. తర్వాతి అంబాసిడర్లలో వచ్చిన ముందు డిస్కులు, సర్వో (బ్రేకు తొక్కుడుకి బలం కలిపే పరికరం) పెట్టించగలిగితే పెట్టించండి, కుదరకపోతే లైనింగులు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, హోస్ పైపులు అన్నీ కొత్తవి వేశాకే బండి కదిలించండి.

మొదటి స్టార్ట్

ఆయిల్ పోసి, ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్ కాయిల్ వైరు ఊడదీసి, ఆయిల్ లైటు ఆరిపోయేదాకా కొంచెం కొంచెం ఆపుతూ సెల్ఫ్ కొట్టండి. తర్వాతే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. పక్కన మంట ఆర్పే సిలిండర్ పెట్టుకోండి, ఒకరు కింద లీకులు చూస్తుండాలి. మొదట ఊళ్లోనే పది కిలోమీటర్లు, ఆగి బోల్టులు చూసుకోవడం. మేం ఆ తర్వాత కాణిపాకం వెళ్లి వినాయకుడి ముందు బండికి పూజ చేయించుకుని వచ్చాం, దారిలో రెండుసార్లు ఆపి కిందికి దూరి చూశాం. మొగిలి ఘాట్‌కి మాత్రం వెంటనే పోలేదు. 500 కిలోమీటర్లు తిరిగాక ఫౌండేషన్ బోల్టులు, క్రాస్ ఫ్లాంజ్ బోల్టులు, సైలెన్సర్ నట్లు మళ్లీ బిగించి, ఇంజిన్ ఆయిల్ మార్చి, కొత్త ఇంజిన్ నంబరు ఎక్కిన ఆర్సీ చేతికి వచ్చాకే అటు వెళ్లాం. నలుగురం ఎక్కితే, మూడో గేరులో, ఉష్ణోగ్రత ముల్లు సగం దాటకుండా బండి ఘాట్ పైకి చేరింది.