లకోస్త్‌లో పది వారాల స్టూడియో: సర్దుకునే పద్ధతి

దక్షిణ ఫ్రాన్స్‌లో లుబెరాన్ కొండల మీద లకోస్త్ అనే చిన్న రాతి ఊరు ఉంది. పైన మార్కీ ద సాద్ అనే ఫ్రెంచి రచయిత ఒకప్పుడు ఉన్న పాత కోట, కిందికి నిటారుగా దిగే రాళ్ళ వీధులు, లోయకి అవతల బొన్యూ అనే ఇంకో ఊరు. సవన్నా కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్‌కి 2002 నుంచి ఇక్కడ క్యాంపస్ ఉంది. నేను అట్లాంటా నుంచి ఒక స్ప్రింగ్ క్వార్టర్‌కి వచ్చాను. ఇప్పుడు జూనియర్లు ఫోన్ చేసి "అక్కా, ఏమేం తెచ్చుకోవాలి?" అని అడుగుతుంటారు. అది రెండో ప్రశ్న. ముందు అడగాల్సింది "నా బొమ్మలు ఎప్పటికి ఆరతాయి?" అని.

క్వార్టర్ అంటే పది వారాలు. ఆయిల్ రంగు పలచగా వేస్తే నాలుగైదు రోజుల్లో చేతికి అంటకుండా ఆరుతుంది, మందంగా వేస్తే వారాలు పడుతుంది. అంబర్ అనే గోధుమ మట్టిరంగు త్వరగా ఆరుతుంది. టైటానియం వైట్, కాడ్మియం రంగులు తాపీగా ఆరతాయి. అందుకని బయల్దేరే తారీఖు నుంచి వెనక్కి లెక్కేసుకోండి. మందపాటి ఆయిల్ పని మొదటి ఐదారు వారాల్లోనే ముగించండి. చివరి రెండు వారాలూ యాక్రిలిక్, వాటర్ కలర్, చార్‌కోల్. ఈ లెక్క గోడ మీద కాగితం అంటించి రాసుకున్నాకే పెట్టె విప్పండి.

కాగితాల సంగతి క్లుప్తంగా. అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న మనవాళ్ళకి ఫ్రాన్స్ వెళ్ళాలంటే షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం ఉందో లేదో చూసుకోండి. అమెరికా వీసా స్టాంపు గడువు తిరిగొచ్చే రోజు దాకా ఉండాలి. ఫ్రాన్స్ వీసా టెన్షన్‌లో పడి చాలామంది ఈ స్టాంపు సంగతే మర్చిపోతారు.

ఇక సామాను. ఆయిల్ రంగుని పలచన చేసే టర్పెంటైన్‌ని విమానంలో ఏ బ్యాగులోనూ తేనివ్వరు. అక్కడ హార్డ్‌వేర్ దుకాణంలో "ఎసాన్స్ ద తెరెబాంతీన్" అని అడిగితే ఇస్తారు. అవిసె నూనె అయితే "విల్ ద లాన్". మీ స్టూడియోలో టర్పెంటైన్ లాంటి సాల్వెంట్ వాడనిస్తారా అని ముందే కనుక్కోండి. వాడనివ్వకపోతే బ్రష్షుల్ని ముందు నూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడిగితే సరిపోతుంది, కాస్త ఓపిక కావాలంతే. బ్రష్షులు మాత్రం మీకు అలవాటైనవే తెచ్చుకోండి. కొత్త చోట కొత్త బ్రష్షుతో కుస్తీ ఎందుకు?

అమెరికాలో కొన్న రైస్ కుక్కర్ తేవద్దు. అది 120 వోల్టులది, ఫ్రాన్స్‌లో కరెంటు 230. పిన్ను మార్చే అడాప్టర్ పెట్టుకున్నా వోల్టేజీ మారదు, కుక్కర్ కాలిపోతుంది. ఇండియా కుక్కర్ ఉంటే అడాప్టర్‌తో హాయిగా పనిచేస్తుంది. యూరప్‌కి బయటి నుంచి పాల పదార్థాలు తేకూడదు కాబట్టి మా పిన్ని కట్టిచ్చిన నెయ్యి సీసా అట్లాంటాలోనే వదిలేశాను. ఆవకాయ మాత్రం మూడు కవర్లలో చుట్టుకుని వచ్చింది.

గదిలోకి వచ్చాక మొదటి రోజు ఏదీ సర్దకండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెలుగు ఎక్కడ పడుతుందో నేల మీద సుద్దతో గీయండి. ఈ రాతి ఇళ్ళకి గోడలు లావు, కిటికీలు చిన్నవి. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర ఈజిల్ పెడితే గంట గంటకీ రంగు మారినట్టు కనిపిస్తుంది. ఎండ నేరుగా పడని ఉత్తరం కిటికీ దొరికితే ఈజిల్ దానికి పక్కవాటుగా పెట్టండి. కుడిచేతివాళ్ళకి వెలుగు ఎడమ నుంచి వస్తే చెయ్యి నీడ బొమ్మ మీద పడదు. ఉత్తరం కిటికీ లేకపోతే పల్చటి తెల్లగుడ్డ కట్టండి. పాత రాతిగోడకి మేకు కొట్టకండి, ఎవరూ ఒప్పుకోరు కూడా. ఒక పెద్ద ప్లైవుడ్ చెక్కని గోడకి ఆనించి, స్ట్రెచర్ (చెక్క చట్రం) లేని కాన్వాస్‌ని దాని మీద పిన్నులతో బిగించండి. చివర్లో విప్పి చుట్టుకోవడానికీ అదే వీలు. మార్చిలో లోపల బయటికంటే చలిగా ఉంటుంది. అరికాళ్ళ కింద అట్టముక్క వేసుకోండి. చెప్పులు తొడిగే ముందు ఒకసారి దులపండి, చిన్న నల్ల తేళ్ళు ఉంటాయి. కుట్టినా పెద్ద ప్రమాదం లేదు, కానీ అరుపు మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త గుడ్డ పీలికల విషయంలో. అవిసె నూనె ఆరడమంటే నీళ్ళలా ఆవిరైపోవడం కాదు. అది గాల్లోని ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడుతుంది, అలా పట్టుకునేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, నిప్పు అవసరం లేకుండానే అంటుకోవచ్చు. మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్ళు పోసి గుడ్డలు అందులో వేయండి. లేదా బయట ఒక్కొక్కటే పరిచి పూర్తిగా ఎండనివ్వండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం వేయకండి. రాత్రి స్టూడియో తాళం వేసేముందు చూడాల్సింది ఈ ఒక్క డబ్బానే. ఫైరింజనుకి నంబరు 18, అన్ని ఎమర్జెన్సీలకీ 112.

బయట కూర్చుని వేసేవాళ్ళకి మిస్ట్రాల్ గురించి చెప్పాలి. రోన్ లోయ మీదుగా ఉత్తరం నుంచి వచ్చే చల్లటి పొడి గాలి అది. అది వీచిన రోజు ఆకాశం కడిగినట్టుంటుంది, దూరాన ఉన్న మోన్ వాంతూ కొండ శిఖరం చెయ్యి చాస్తే అందేలా కనిపిస్తుంది, కాన్వాస్ మాత్రం నిలవదు. ఆర్ల్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు చిత్రకారుడు వాన్ గో ఈ గాలికి ఏం చేసేవాడో 1888లో తన మిత్రుడికి ఉత్తరంలో రాశాడు. ఈజిల్ కాళ్ళు నేలలో గుచ్చి, పక్కనే అర మీటరు ఇనప మేకులు దిగ్గొట్టి, తాళ్ళతో కట్టేసేవాడట. నేనూ అదే చేస్తాను, కాకపోతే టెంటు మేకులతో. వేసవిలో గాలి ఎక్కువున్న రోజుల్లో అడవుల్లోకి వెళ్ళడం మీద ఆంక్షలు పెడతారు, ముందే కనుక్కోండి.

రంగుల కోసం రూసియోన్ అనే ఊరికి వెళ్ళి రండి. అక్కడి మట్టిదిబ్బలు పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా ఉంటాయి. తెలంగాణలో గోడలకి పూసే జాజు లాంటిదే, ఇనుము కలిసిన మట్టి, దీన్ని ఓకర్ అంటారు. పసుపు ఓకర్‌ని కాలిస్తే ఎరుపవుతుంది. దారిలో మట్టి తీసుకోవడం నిషేధం, పాత ఓకర్ ఫ్యాక్టరీలో పెట్టిన కేంద్రంలో పొడి రంగులు అమ్ముతారు. పొడి కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి. చేత్తో చేసిన కాగితం కావాలంటే ఫొంతేన్ ద వోక్లూజ్ అనే ఊళ్ళో నీటిచక్రంతో నడిచే మిల్లు ఉంది.

తిండి సంగతి అనుకున్నంత కష్టం కాదు. శుక్రవారం బొన్యూలో సంత, శనివారం దగ్గర్లోని ఆప్ట్ అనే ఊళ్ళో. ఆదివారం, రోజూ మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోండి. దుకాణంలో అడుగు పెట్టగానే "బొన్‌జూర్" అనాలి. అనకుండా "ఇదెంత?" అంటే మొహం మాడ్చుకుంటారు. కందిపప్పు ఆశ వదులుకోండి, "లాంతీ కొరాయ్" అనే ఎర్రపప్పుతో పప్పు బాగానే కుదురుతుంది. శనగపిండి కోసం వెతకనక్కర్లేదు, అక్కడివాళ్ళు పానీస్ అనే వంటకం దాంతోనే చేస్తారు. వానపడ్డ రోజు స్టూడియోలో పకోడీలు పంచితే పక్క ఈజిల్ వాళ్ళతో పరిచయానికి భాష అడ్డురాదు. నెయ్యి కావాలా? ఉప్పు లేని వెన్న, "బెర్ దూ" అని రాసి ఉన్నది, సన్నసెగ మీద కాచుకోండి. మా పిన్ని నమ్మలేదు కానీ, ఆ నెయ్యి వాసన వేరు.

చివరి వారం కాన్వాసులు విప్పి, రంగు వేసిన వైపు బయటికి వచ్చేలా, మధ్యలో బటర్ పేపర్ పెట్టి, లావాటి గొట్టానికి చుట్టండి. రంగు లోపలికి పెట్టి చుడితే విప్పేటప్పుడు పగుళ్ళు వస్తాయి. ఇంకా తడిగా ఉన్నది ఏదైనా ఉంటే ఫోటో తీసుకుని, అక్కడే ఉండే వాళ్ళెవరికైనా ఇచ్చేయండి. మిగిలిన టర్పెంటైన్ సింకులో పోయొద్దు, స్టూడియో వాళ్ళు చూపించే వ్యర్థాల డబ్బాలో పోయండి. టెంటు మేకులు ఇక్కడే వదిలేయండి, తర్వాత వచ్చేవాళ్ళకీ గాలి తప్పదు.