పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేశాక స్క్రీన్ నల్లబడితే, గీతలు పడితే ఏం చేయాలి?

రాజోలు దగ్గర మా బావ రొయ్యల చెరువుల లెక్కలన్నీ ఒక పాత డెస్క్‌టాప్‌లోనే రాసుకుంటాడు. సీడ్ ఎప్పుడు వదిలాడు, మేత ఎన్ని బస్తాలు పట్టింది, ఎంత కౌంట్‌లో పట్టుబడి చేశాడు, అన్నీ అందులోనే ఉంటాయి. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, బోర్డులోనే ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత సపోర్టు ఆగిపోతుందని తెలిసి దాని బదులు వేసుకునే ఉచిత సిస్టమ్ లైనక్స్ మింట్, అది కూడా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, వేసిచ్చాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు అప్‌డేట్లు పెట్టి, ఆపి, మళ్లీ ఆన్ చేస్తే మింట్ గుర్తు కనిపించి ఆ తర్వాత అంతా నలుపే. "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నారట రిపేరు షాపులో. బోర్డు పోలేదండి. అరగంటలో ఫోన్‌లోనే సరిచేసుకున్నాం. ఆరోజు బావకి చెప్పిన వరసలోనే మీకూ చెబుతాను, వరస మార్చకండి.

ముందుగా బొమ్మ ఎక్కడ చెడుతోందో చూడండి. ఫార్మాట్ కొట్టేయడానికి ముందు, ఏ డ్రైవరూ (హార్డ్‌వేర్‌ని నడిపించే ప్రోగ్రామ్) వెతక్కముందు చేయాల్సిన పని ఇదే. ఆన్ చేయగానే డిలీట్ గానీ, ఎఫ్2 గానీ (కంపెనీని బట్టి మారుతుంది) నొక్కుతూ బయోస్‌లోకి (లైనక్స్ మొదలవ్వకముందే వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి ఐదు నిమిషాలు అలాగే వదిలేయండి. అక్కడే గీతలు, రంగు చుక్కలు కనిపిస్తే లైనక్స్‌ని అనడానికి లేదు, అది ఇంకా మొదలే కాలేదు, తేడా హార్డ్‌వేర్‌లోనే ఉంది. బయోస్‌లో శుభ్రంగా ఉండి మింట్ గుర్తు తర్వాతే చెడిందంటే చాలావరకు డ్రైవరో, కెర్నెలో (లైనక్స్‌కి గుండెలాంటి భాగం) కారణం. ఈ ఒక్క పరీక్ష చేయకుండానే మంచి సిస్టమ్‌లను పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నారు, అదే నా బాధ.

హార్డ్‌వేర్ అని తేలితే మన ప్రాంతంలో ముందుగా చూడాల్సింది ర్యామ్. సముద్రం దగ్గర ఉప్పు గాలి, చుట్టూ చెరువులు, కాలువల తేమ, ఇవన్నీ కలిసి ర్యామ్ అంచున ఉండే బంగారు రంగు పట్టీలు మాసిపోతాయి. బోర్డులోని గ్రాఫిక్స్‌కి మామూలుగా సొంత మెమరీ ఉండదు, మీ ర్యామ్‌లోంచే కొంత వాడుకుంటుంది. కాబట్టి ర్యామ్ సరిగ్గా తగలకపోతే ఆ తేడా తెర మీద గీతలుగా కనపడొచ్చు. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి, అప్పుడు ర్యామ్ తీయండి. పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఆ పట్టీలను మెల్లగా రుద్ది, పొట్టు పూర్తిగా దులిపి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కండి. మానిటర్ కేబుల్ కూడా రెండు కొసలా విప్పి మళ్లీ బిగించండి, వీలైతే వేరే మానిటర్ గానీ, టీవీ గానీ పెట్టి చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, బోర్డుకి కాదు. కార్డు ఫ్యాన్ తిరగకుండా దుమ్ము పట్టిందేమో కూడా చూడండి. ల్యాప్‌టాప్ అయితే చీకట్లో తెర మీదకి టార్చి ఏటవాలుగా వేయండి, సన్నగా బొమ్మ కనిపిస్తే పోయింది వెనక లైటే, గ్రాఫిక్స్ కాదు.

ఇంకోటి కూడా ఉంది. గట్టు మీద ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి అందించే మోటార్లు) ఒక్కసారిగా ఆన్ చేస్తే అదే లైన్ మీదున్న షెడ్డులో వోల్టేజీ పడిపోతుంది. సరిగ్గా ఆ సమయానికే సిస్టమ్ హ్యాంగ్ అవుతుంటే సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా ముందు మంచి యూపీఎస్ పెట్టించండి.

ఇక బయోస్‌లో అంతా బాగానే ఉంది అనుకుందాం. అప్పుడు పాత కెర్నెల్‌తో లేపి చూడండి. ఆన్ చేయగానే షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే (కాస్త కొత్త మెషీన్లలో ఎస్కేప్) గ్రబ్ మెనూ (దేనితో లేవాలో ఎంచుకునే జాబితా) వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే రెండు మూడు కెర్నెళ్లు నంబర్లతో ఉంటాయి. పైది కొత్తది, దాని కింద ఉన్న పాతదాన్ని ఎంచుకోండి, రికవరీ అని రాసి ఉన్నది వద్దు. బావ సిస్టమ్ ఇక్కడే లేచింది. అంటే తేడా కొత్త కెర్నెల్‌లోనే అన్నమాట. అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ, తర్వాత లైనక్స్ కెర్నెల్స్ తెరిచి ఆ కొత్తదాన్ని తీసేయించాను, దాని తర్వాతిది వచ్చినప్పుడు పెట్టి చూద్దామని చెప్పాను.

పాత కెర్నెల్ కూడా లేవకపోయినా, అప్పుడే కొత్తగా వేసిన సిస్టమ్ అయినా, అదే గ్రబ్ మెనూలో మొదటి వరస మీద ఉండి ఇంగ్లిష్ ఈ (e) అనే అక్షరం నొక్కండి. లైనక్స్ అనే మాటతో మొదలయ్యే వరస చివర క్వయెట్, స్ప్లాష్ అని కనిపిస్తాయి. వాటి పక్కన ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని, ఎన్ ఓ ఎం ఓ డి ఈ ఎస్ ఈ టి, అన్నీ చిన్న అక్షరాల్లో కలిపి కొట్టి ఎఫ్10 నొక్కండి. ఇలా చేస్తే కెర్నెల్ తన గ్రాఫిక్స్ డ్రైవర్‌ని వాడకుండా, ముందే సిద్ధంగా ఉన్న మామూలు బొమ్మతో లేస్తుంది. అక్షరాలు పెద్దగా ఉంటాయి, వీడియోలు ఆగి ఆగి నడుస్తాయి, టెన్షన్ పడకండి. దీన్నే శాశ్వతంగా పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు, నేను వద్దంటాను. ఇది పంటు ఎక్కడానికి వేసే బల్లలాంటిది, లోపలికి వెళ్లడానికి మాత్రమే. మళ్లీ ఆన్ చేస్తే ఆ మాట దానంతటదే పోతుంది.

లోపలికి వెళ్లాక టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే విండో) తెరిచి ఐ ఎన్ ఎక్స్ ఐ కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తు, వెంటనే పెద్ద జి కొట్టి ఎంటర్ నొక్కండి. మీ గ్రాఫిక్స్ ఏ కంపెనీదో, ఏ డ్రైవర్ నడుస్తోందో వచ్చేస్తుంది. మామూలుగా లేచినప్పుడు కూడా రెండరర్ (బొమ్మ గీసేది) దగ్గర ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అని ఉంటే బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోందని అర్థం, నెమ్మదికి అదే కారణం. నోమోడ్‌సెట్‌తో లేపినప్పుడు మాత్రం ఎలాగూ అదే కనిపిస్తుంది, కంగారు పడొద్దు.

ఇంటెల్ అయితే డ్రైవర్ కోసం ఎక్కడా వెతకొద్దు, కావాల్సింది కెర్నెల్‌లోను, మెసాలోను (లైనక్స్‌తో వచ్చే గ్రాఫిక్స్ డ్రైవర్ల కట్ట) ఉంటుంది. 2022లో వచ్చిన మెసా 22లో బాగా పాత డ్రైవర్లు కొన్ని తీసేశారు, వాటిలో చాలా ఇంటెల్ చిప్‌లకి క్రోకస్ అనే కొత్త డ్రైవర్ వచ్చింది. ఏఎమ్‌డీ రేడియాన్‌కి ఫర్మ్‌వేర్ (చిప్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) ఫైళ్లు కావాలి, డెబియన్ అనే ఇంకో రకం లైనక్స్ వాడేవాళ్లకి 2023లో వచ్చిన 12 నుంచి అవి ఇన్‌స్టాలర్‌తోనే వస్తున్నాయి.

అసలు ఇబ్బందంతా ఎన్విడియాతోనే. జీఫోర్స్ 8, 9 సిరీస్‌లకి పనికొచ్చే 340 డ్రైవర్‌కి ఆ కంపెనీ 2019తోనే సపోర్టు ఆపేసింది, 400, 500 సిరీస్‌ల 390 డ్రైవర్‌కి 2022తో ఆపేసింది. కొత్త కెర్నెళ్ల మీద వాటిని బలవంతంగా ఎక్కిస్తే చాలాసార్లు నల్ల స్క్రీనే మిగులుతుంది. డ్రైవర్ మేనేజర్‌లోకి వెళ్లి నూవో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్‌ని ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. ఆటలకి చాలకపోవచ్చు గానీ లెక్కలకి, బ్రౌజర్‌కి, సినిమాలకి నడిచిపోతుంది.

వీడియో మధ్యలో అడ్డంగా చిరిగినట్టు కనిపిస్తే సెట్టింగ్స్‌లో విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి కంపోజిటర్ (విండోలన్నిటినీ కలిపి తెర మీద చూపించే భాగం) ఆన్ చేయండి, ఆన్‌లో ఉండగానే మెషీన్ బరువుగా నడుస్తుంటే ఆపేసి చూడండి.

ఈసారి అప్‌డేట్ పెట్టే ముందు టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌లో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పటి స్థితికి నకలు) తీసుకోండి, తేడా వస్తే సిస్టమ్‌ని ఆ రోజుకి వెనక్కి తీసుకెళ్లొచ్చు. అది మీ సొంత ఫైళ్లని మామూలుగా దాచదు, లెక్కల ఫైలు విడిగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. పట్టుబడి రోజున మాత్రం ఏ అప్‌డేటూ పెట్టొద్దని బావకి గట్టిగా చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను.