అప్‌డేట్ తర్వాత గేమ్ పాడైందా? అన్‌ఇన్‌స్టాల్ కొట్టకముందు ఇవి చేయండి

రాత్రి బాగానే నడిచిన గేమ్ పొద్దున అప్‌డేట్ అయ్యాక నల్ల స్క్రీన్ చూపించి మూసుకుపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. డబ్బులు పెట్టి కొన్నాం, వారమంతా పని చేసి ఆదివారం రెండు గంటలు ఆడుకుందామని కూర్చున్నాం, ఆ రెండు గంటలూ దీనికే పోయాయి. కోపం న్యాయమే. కానీ ఆ కోపంలో గేమ్ తీసేసి మళ్లీ ఎక్కించే పని మాత్రం పెట్టుకోకండి. 80, 100 జీబీ మళ్లీ దింపుకోవాలి, పైగా మీ ఆట ఎంతవరకు వచ్చిందో దాచే ఫైల్, అంటే సేవ్ కూడా పోవచ్చు. నేను చెప్పేదంతా విండోస్ కంప్యూటర్‌లో స్టీమ్ (గేములు కొని ఆడుకునే యాప్) మీద ఆడేవాళ్లకు.

మొదట సేవ్ సంగతి చూడండి. నాకు దెబ్బ తగిలాకే ఇది తెలిసింది. ఒక గేమ్‌లో 60 గంటలు ఆడాను. అప్‌డేట్ అయ్యాక తెరిస్తే కంటిన్యూ బటన్ లేదు, న్యూ గేమ్ ఒక్కటే కనిపించింది. కంగారులో అదే నొక్కి ఐదు నిమిషాలు ఆడి మూసేశాను. మళ్లీ తెరిచినప్పుడు ఒక బాక్సు వచ్చింది: క్లౌడ్‌లో (స్టీమ్ సర్వర్‌లో) ఒక సేవ్ ఉంది, కంప్యూటర్‌లో ఒకటి ఉంది, ఏది ఉంచాలి అని. ఒకదాని పక్కన నిన్న రాత్రి 11:40, రెండోదాని పక్కన ఈ రోజు ఉదయం 7:15. కొత్తదే మంచిదనుకుని 7:15 నొక్కాను. అంతే, 60 గంటల ఆట తుడిచిపెట్టుకుపోయింది. ఆ బాక్సు వస్తే దయచేసి తొందరపడకండి, మీరు చివరిసారి బాగా ఆడిన రోజు, టైమ్ ఏదో గుర్తు తెచ్చుకుని అదే ఎంచుకోండి.

అసలు అంతవరకూ రానివ్వకపోతే ఇంకా మంచిది. స్టీమ్ లైబ్రరీలో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో జనరల్‌కు వెళ్లి స్టీమ్ క్లౌడ్ ఆఫ్ చేయండి. తర్వాత సేవ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకో ఇంకో డ్రైవ్‌లోకో కాపీ చేసుకోండి. అది ఎక్కువగా డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్‌లో గానీ, సేవ్డ్ గేమ్స్‌లో గానీ, యాప్‌డేటాలో గానీ ఉంటుంది. యాప్‌డేటా దాచిన ఫోల్డర్ కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేస్తేనే కనిపిస్తుంది.

ఇక రిపేర్. అదే ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ కింద ఫైళ్లను వెరిఫై చేసే బటన్ ఉంటుంది, నొక్కండి. అప్‌డేట్ అంటే గేమ్ మొత్తం కాదు, మారిన ముక్కలే దిగి పాతవాటితో కలుస్తాయి, ఆ కలపడంలో ఒక్క ముక్క చెడినా గేమ్ తెరుచుకోకపోవచ్చు. వెరిఫై చేస్తే చెడిన ఫైళ్లు మాత్రమే మళ్లీ దిగుతాయి. అయితే మీరు విడిగా వేసుకున్న మాడ్స్ (గేమ్‌ను మార్చే బయటి ఫైళ్లు) అన్నీ దీంతో పోవు, వాటిని మీరే తీసి చూడాలి. 2024 ఏప్రిల్‌లో ఫాల్అవుట్ 4కి పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే బయటి టూల్ మీద నడిచే మాడ్స్ ఒక్కసారిగా ఆగిపోయాయి, బాగా నడిచే గేమే చాలామందికి మొరాయించింది.

గేమ్ తెరుచుకుంటోంది కానీ ఆగి ఆగి నడుస్తోందంటే కాసేపు ఓపిక పట్టండి, అప్‌డేట్ తర్వాత షేడర్లు (వెలుగు, రంగులు గీసే చిన్న ప్రోగ్రాములు) మళ్లీ తయారవుతుంటాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) కూడా ఈ మధ్యే మారి ఉంటే విండోస్ డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చేసి, అంటే పాతదానికి వెళ్లి చూడండి.

ఇవన్నీ చేసినా పని చేయలేదా? అప్పుడు తప్పు మీ కంప్యూటర్‌ది కాకపోవచ్చు. 2021 జనవరిలో సైబర్‌పంక్ 2077కి 1.1 ప్యాచ్ వచ్చాక ఒక మిషన్‌లో టకెమురా అనే పాత్రతో ఫోన్ మాటలు ముందుకు కదలక కథ అక్కడే ఆగిపోయేది. వారంలోపే 1.11 ఇచ్చి సరిచేశారు. అలాంటప్పుడు రాత్రంతా సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. ప్రాపర్టీస్‌లో బీటాస్ చూడండి, కొందరు డెవలపర్లు పాత వెర్షన్ అక్కడ ఉంచుతారు. దాంతో ఒక్కరే ఆడుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఫ్రెండ్స్‌తో మాత్రం వెర్షన్ కలవదు.

డెవలపర్‌కు ఫిర్యాదు తప్పకుండా రాయండి. "గేమ్ పనిచేయట్లేదు" అంటే వాళ్లకు ఏమీ అర్థం కాదు. ఏ వెర్షన్, ఏ గ్రాఫిక్స్ కార్డు, ఏ మెనూలో ఏది నొక్కితే ఆగిపోతోంది, ప్రతిసారీ అవుతోందా అన్నది వరసగా రాసి, డీఎక్స్‌డయాగ్ రిపోర్టు (మీ కంప్యూటర్ వివరాలు చూపే విండోస్ టూల్ ఇచ్చేది) జత చేయండి. కొని 14 రోజులు దాటకుండా, ఆడింది 2 గంటల లోపే అయితే రీఫండ్ అడగండి, అందులో మొహమాటం ఏమీ వద్దు.

హాట్‌ఫిక్స్ (తప్పు సరిచేసే చిన్న అప్‌డేట్) వచ్చి, కాపీ చేసి పెట్టుకున్న పాత సేవ్ తెరుచుకున్నాక క్లౌడ్ మళ్లీ ఆన్ చేయండి. అప్పుడు ఏ సేవ్ ఉంచాలని అడిగే ఆ బాక్సు మళ్లీ రావచ్చు. ఈసారి కంప్యూటర్‌లో ఉన్నది ఎంచుకోండి.