సెకండ్ హ్యాండ్ థార్ కొనేముందు: బండిలో కనిపించే లక్షణం, దాని వెనక కారణం, చేయాల్సిన పని

గుండ్రటి హెడ్‌లైట్లు, పాత జీపు ముఖం, బయటికి కనిపించే డోర్ హింజీలు, వెనక స్టెప్నీ. మహీంద్రా థార్‌ని చూడగానే మనసు పడిపోతుంది, ఆ సంగతి అమ్మేవాళ్లకి మనకన్నా బాగా తెలుసు. అందుకే మార్కెట్లోకి వచ్చే చాలా బండ్లకి పైపైన బోలెడు ఖర్చు పెట్టి ఉంటారు, కింద మాత్రం ఎవరూ తొంగి చూసి ఉండరు. ఈ బండి విలువంతా కిందే ఉంది. లైట్లు, బంపర్లు, స్టిక్కర్లు చూసి ధర ఒప్పుకోవద్దు. ముందు కింద పడుకుని చూడండి, తర్వాత నడపండి, ఆ తర్వాతే బేరం.

ఏ థార్ చూస్తున్నారో ముందు తేల్చుకోండి. 2010 అక్టోబర్‌లో వచ్చిన పాత థార్‌లో డీఐ (పాత పద్ధతిది), సీఆర్‌డీఈ (కామన్ రైల్ పద్ధతిది) అని రెండు డీజిల్ ఇంజన్లు. సీఆర్‌డీఈలో ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనక కమాన్ పట్టీలు. 2015లో డ్యాష్‌బోర్డ్ మార్చి, వెనక యాక్సిల్‌కి మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారితే రెండిటినీ కలిపి తిప్పేది) ఇచ్చారు. 2020 అక్టోబర్ 2న వచ్చింది పూర్తిగా వేరే బండి: 2.0 టర్బో పెట్రోల్ లేదా 2.2 డీజిల్, వెనక కూడా కాయిల్ స్ప్రింగులు, గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 4 స్టార్లు. పాతదాంట్లో మామూలు అనుకునే ఊపు, శబ్దం కొత్తదాంట్లో వస్తే అది రోగమే.

4x4 అన్నారు, కానీ రెండో లీవర్ లేదు

కారణం సింపుల్. అది 4x4 కాదు, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండి కాదు. 2023 జనవరిలో వెనక చక్రాలతో మాత్రమే నడిచే థార్ వచ్చింది, 1.5 డీజిల్ లేదా 2.0 పెట్రోల్. బయటి నుంచి చూస్తే తేడా కనిపెట్టడం కష్టం. పాత డీఐలోనూ 4x2 బండ్లు ఉన్నాయి, వాటి మీద 4x4 స్టిక్కర్ వేయడానికి పెద్ద ఖర్చేం కాదు. గేర్ రాడ్ పక్కన 2H (రెండు చక్రాలు), 4H (నాలుగు చక్రాలు), N (న్యూట్రల్), 4L (నాలుగు చక్రాలు, నెమ్మది గేర్) అని రాసిన రెండో లీవర్ ఉందో లేదో చూడండి, కిందికి వంగి ముందు యాక్సిల్‌కి ప్రొపెల్లర్ షాఫ్ట్ (బలాన్ని యాక్సిల్‌కి చేర్చే పొడవాటి కడ్డీ) వెళ్తోందో లేదో చూడండి. ఊళ్లో తిరగడానికే కొంటుంటే వెనక చక్రాల బండి చక్కగా సరిపోతుంది, కాకపోతే దానికి 4x4 ధర ఇవ్వకూడదు.

ఇంకో రకం కూడా ఉంది: హర్యానాలోని మండీ డబ్వాలీ వైపు నుంచి వచ్చే, పాత జీపులకి కొత్త బాడీ కట్టిన బండ్లు. చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి, ఆర్‌సీలో మాత్రం సంవత్సరం వేరు, ఇంజన్ వేరు. వాటిని థార్‌తో పోల్చి బేరం చేయొద్దు.

4H వేశాక మళ్లీ 2H లోకి రావడం లేదు, లేదా మలుపులో బండి పట్టేసినట్టు ఉంది

చాలామంది దీన్ని చూసి ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె) పోయిందనుకుని భయపడతారు. చాలాసార్లు పోయుండదు. థార్‌లో ఉన్నది పార్ట్ టైమ్ 4x4, ముందు వెనక షాఫ్టులని ఒకే వేగంతో తిప్పుతుంది, మధ్యలో తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం వెళ్లాలి కదా, మట్టిలో అయితే చక్రం కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది, పొడి తారు రోడ్డు మీద సర్దుకునే దారి లేక షాఫ్టులు, గేర్లు మెలిపడి బిగుసుకుంటాయి. అప్పుడు లీవర్ కదలదు.

పరిష్కారం: స్టీరింగ్ నేరుగా పెట్టి కొన్ని మీటర్లు రివర్స్ వెళ్లండి, బిగువు వదులుతుంది, లీవర్ వచ్చేస్తుంది. వచ్చిందంటే బండిలో తప్పు లేదు, నడిపిన పద్ధతిలోనే తప్పు. అమ్మేవాడు తారు రోడ్డు మీదే 4H వేసి "చూడండి, పనిచేస్తోంది" అని చూపిస్తే మాత్రం ఆ బండిని ఎన్నాళ్లుగా అలా నడిపారో ఒకసారి ఆలోచించండి. రివర్స్ వెళ్లినా రాకపోతే నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉన్నాయో లేదో చూడండి, ముందు కొత్తవీ వెనక పాతవీ ఉన్నా ఇదే గొడవ. అవీ బాగుంటే లింకేజీనో, లోపలి ఫోర్కో చూడాలి, ఆ పని మెకానిక్‌కి వదిలేయండి.

4L తప్పకుండా టెస్ట్ చేయండి. మట్టి నేల మీద బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి వేయాలి (ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో పెట్టి). ఫస్ట్ గేర్లో నత్తనడకన వెళ్లాలి, గరగర శబ్దం రాకూడదు, మధ్యలో లీవర్ దానంతట అది బయటికి తన్నకూడదు. తన్నిందంటే ఆ బండి వదిలేసి ఇంకోటి చూసుకోండి.

2015 తర్వాతి పాత థార్‌లో, కొత్తదాంట్లో పై వేరియంట్లలో వెనక ఒక చక్రం జారినప్పుడు "టక్" అని శబ్దం వచ్చి రెండోది కూడా తిరగడం మొదలవుతుంది. అది లాకింగ్ డిఫరెన్షియల్ తన పని తాను చేయడం, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, పూర్తిగా తిప్పితే టకటక శబ్దం

మొదట టైర్లు చూడండి. కొత్త థార్ ఎల్‌ఎక్స్ వేరియంట్‌కి కంపెనీ సైజు 255/65 ఆర్18. అంతకన్నా బాగా పెద్దవి వేసి ఉంటే వణుకుతో పాటు ఇంకా చాలా వస్తాయి: స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, ఓడోమీటర్ కూడా తక్కువే తిరుగుతుంది, క్లచ్ మీద బరువు పెరుగుతుంది, బ్రేక్ పట్టడానికి ఎక్కువ దూరం కావాలి. చక్రం బయటికి కనిపించాలని స్పేసర్లు పెట్టి ఉంటే వీల్ బేరింగులు తొందరగా పోతాయి. బ్యాలెన్సింగ్ చేయిస్తే తగ్గే వణుకు వేరు, ఈ వణుకు వేరు. చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆడితే బేరింగ్ గానీ బాల్ జాయింట్ గానీ. పక్కలకి ఊపితే ఆడిందంటే టై రాడ్.

పాత సీఆర్‌డీఈ థార్‌లో అసలు మోసం టార్షన్ బార్ల దగ్గర జరుగుతుంది. పైసా ఖర్చు లేకుండా బండి ముందు భాగం ఎత్తుగా కనిపించాలంటే టార్షన్ బార్ బోల్టులు బిగిస్తే చాలు, అరగంటలో పని అయిపోతుంది. బండి ఠీవిగా నిలబడుతుంది, కానీ సస్పెన్షన్‌కి కిందికి దిగే చోటు మిగలదు, సీవీ జాయింట్లు (చక్రం తిరిగినా దానికి బలం అందించే ముందు షాఫ్ట్ జాయింట్లు) ఎప్పుడూ వంకర కోణంలో తిరుగుతుంటాయి, వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి, గ్రీజు పోయి మట్టి చేరుతుంది. ఫుల్‌గా తిప్పినప్పుడు వచ్చే టకటక అదే. చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మిన మరకలు కనిపిస్తాయి, వాటికోసం వెతకండి.

బూటు మాత్రమే చిరిగి జాయింట్ శబ్దం చేయకపోతే గ్రీజు, బూటు మార్చి ఎత్తు దించేయండి. శబ్దం మొదలైందంటే షాఫ్టే మార్చాలి, ఆ ఖర్చు ధరలోంచి తీసేయమనండి. వెనక్కీ ముందుకీ గేరు మార్చినప్పుడు కింద "ఠక్" మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు అరిగాయి, అది ఊళ్లో ఏ మెకానిక్ అయినా చేసే చిన్న పని.

యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ అరుస్తోంది, బండి వేగం పెరగడం లేదు

క్లచ్ జారుతోంది. మారేడుమిల్లి ఘాట్లో, అనంతగిరి మట్టిలో 4L వేయాల్సిన చోట హాఫ్ క్లచ్‌తో ఎక్కించే అలవాటు ఉన్నవాళ్ల బండి అయ్యుంటుంది. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి, బ్రేక్ మీద కూడా కాలు పెట్టి, మూడో గేర్లో క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు అయిపోయినట్టే. మార్చేటప్పుడు ప్లేటు ఒక్కటే వేయించి డబ్బు మిగుల్చుకోవద్దు. ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా కలిపి మార్పించండి, ఫ్లైవీల్ చూడమనండి, ఎందుకంటే గేర్‌బాక్స్ దించే కూలీ మళ్లీ మళ్లీ ఇచ్చుకోలేం.

డిఫరెన్షియల్ ఆయిల్ పాలు పోసిన టీలా ఉంది

నీళ్లు లోపలికి వెళ్లాయి. "ఆఫ్ రోడ్ ఎప్పుడూ పోలేదన్నా, ఫ్యామిలీ బండి" అని ఎంత చెప్పినా ఈ ఆయిల్ అబద్ధం చెప్పదు. వేడెక్కిన యాక్సిల్ హౌసింగ్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని బ్రీదర్ (గాలి ఆడే చిన్న గొట్టం) నుంచో, అరిగిన సీల్ నుంచో నీళ్లు లాక్కుంటుంది. కొత్త థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో వెళ్లగలదని కంపెనీ చెబుతుంది, కానీ వెళ్లొచ్చాక ఆయిల్ చూసుకునేవాళ్లు తక్కువ.

ముందు, వెనక హౌసింగుల ఫిల్లర్ ప్లగ్ తీసి వేలు పెట్టి చూడనివ్వమని అడగండి. రంగు మారినా బేరింగ్ శబ్దం లేకపోతే ఆయిల్ మార్చి, కొద్ది రోజులు నడిపి మళ్లీ మార్చండి, బ్రీదర్ గొట్టం ఎత్తులో బిగించండి. వేగం పెరిగేకొద్దీ వెనక నుంచి ఊళ పెరుగుతుంటే నష్టం క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ లోపలి ప్రధాన గేర్లు) దాకా వెళ్లింది, ఆ బండి మీకు వద్దు.

దీనికన్నా పెద్ద ప్రమాదం వరదలో మునిగిన బండి. 2020 అక్టోబర్లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ, ఆ రెండుసార్లూ ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. మామూలు కారులో కార్పెట్ కింద ఒండ్రు కనిపిస్తే చాలు, తెలిసిపోతుంది. థార్‌లో ఆ పరీక్ష పనిచేయదు, కొత్తదాని ఫ్లోర్ కడగడానికి వీలుగా డ్రెయిన్ ప్లగ్గులతోనే వస్తుంది, మట్టి ఉండటం మామూలే, కడిగేసి ఉండటమూ మామూలే. అందుకని మట్టి మామూలుగా చేరని చోట్ల చూడండి: సీట్ బెల్ట్ పూర్తిగా చివరిదాకా లాగి ఆ చివర మరక ఉందేమో, డ్యాష్‌బోర్డ్ కింద వైర్ కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉందేమో, హెడ్‌లైట్ లోపల అడ్డంగా నీటి గీత ఉందేమో. వీటిలో ఏది కనిపించినా పరిష్కారం ఒక్కటే, కొనకండి. ఎలక్ట్రానిక్స్ తడిసిన బండి ఈరోజు బాగుంటుంది, ఏడాది తర్వాత ఒక్కొక్కటీ బయటపడుతుంది.

హింజీల దగ్గర పెయింట్ ఉబ్బింది

తుప్పు. వైజాగ్, కాకినాడ, బాపట్ల లాంటి సముద్రం పక్క ఊళ్ల బండ్లలో, బీచ్ ఇసుకలో నడిపి కింద మంచినీళ్లతో కడగని బండ్లలో ఎక్కువ. హింజీ దగ్గర ఉబ్బు మాత్రమే అయితే గీకించి ప్రైమర్, పెయింట్ వేయించుకోవచ్చు. పాత థార్‌లో విండ్‌షీల్డ్ ఫ్రేమ్ అడుగు, ఫ్లోర్ మూలలు, ఛాసిస్ రైళ్లు స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఖంగుమనాలి, మొద్దుగా మోగితే లోపల తిన్నట్టే. పాత బండి కింద నిగనిగలాడే కొత్త నల్ల కోటింగ్ ఉందంటే సంతోషించకండి, దాని కింద ఏముందో అడగండి. ఛాసిస్ మీద కంపెనీది కాని వెల్డింగ్ కనిపిస్తే ఇక మాటలు అనవసరం.

2020 తర్వాతి డీజిల్‌లో డీపీఎఫ్ లైటు వెలుగుతోంది

డీపీఎఫ్ అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్. ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిప్పడం వల్ల ఆ ఫిల్టర్లో మసి నిండింది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి రోడ్డు మీద ఆపకుండా ఇరవై నిమిషాలో అరగంటో నడిపితే చాలాసార్లు అదే కాలి పోతుంది, పోకపోతే సర్వీస్ సెంటర్లో చేయించాలి. డిప్‌స్టిక్ కూడా చూడండి. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉండి డీజిల్ వాసన వస్తుంటే రీజనరేషన్ (ఆ మసిని కాల్చే పని) సగంలో ఆగిపోతూ డీజిల్ ఆయిల్లో కలుస్తోందని అర్థం, అలాగే నడిపి ఉంటే టర్బోకి, బేరింగులకి మంచిది కాదు. ఫిల్టర్ పీకేసి ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్పించిన (రీమ్యాప్) బండ్లు కూడా తిరుగుతున్నాయి, అవి చట్టవిరుద్ధం.

మొదటి బ్యాచ్ డీజిల్ బండి అయితే ఇంకోటి ఉంది. 2020 సెప్టెంబర్ 7 నుంచి డిసెంబర్ 25 మధ్య తయారైన 1,577 డీజిల్ థార్‌లని క్యామ్‌షాఫ్ట్ చెక్ చేసి మార్చడానికి 2021 ఫిబ్రవరిలో వెనక్కి పిలిచారు. ఛాసిస్ నంబర్ ఇస్తే ఆ పని జరిగిందో లేదో సర్వీస్ సెంటర్లో చెబుతారు. అదే నంబర్‌తో సర్వీస్ హిస్టరీ తీయించండి, ఓడోమీటర్ తిప్పిన బండి అక్కడే దొరికిపోతుంది.

ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే వేడెక్కుతోంది, బ్రేక్ వేస్తే ఒక పక్కకి లాగుతోంది

రెండింటికీ తరచుగా బురదే మూలం. రేడియేటర్, కండెన్సర్ రెక్కల్లో ఎండిన మట్టి, క్యాలిపర్ పిన్నుల దగ్గర, వెనక డ్రమ్ముల్లో ఇసుక. విప్పి కడిగి గ్రీజు పెడితే సరిపోవచ్చు. కూలెంట్‌లో నూనె తేలుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి.

వానలో సాఫ్ట్ టాప్ కారుతోంది

కొంత కారడం ఆ టాప్‌కి సహజం. సీల్స్, పట్టీలు మార్చితే తగ్గుతుంది. దీని పేరు చెప్పి ధర తగ్గించమని అడగండి గానీ, దీనికోసం మంచి బండి వదులుకోవద్దు.

బండి బాగుంది, కాగితాల దగ్గర ఆగింది

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. బయట వేసిన ఫైబర్ హార్డ్ టాప్, స్టీల్ బంపర్, లిఫ్ట్ కిట్. ఆర్‌సీలో లేని నిర్మాణ మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, బుల్ బార్లు పెట్టకూడదని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి రాసింది. యాక్సిడెంట్ క్లెయిమ్ రోజున ఇన్సూరెన్స్ వాళ్లు ఇవే వెతుకుతారు. కొనేముందే కంపెనీ పార్టులు వెనక్కి పెట్టి ఇమ్మనండి, దాచి ఉంచారో అమ్మేసుకున్నారో అప్పుడే తెలుస్తుంది.

వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, మన దగ్గర లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల ఢిల్లీ థార్‌లు ఇటు చవగ్గా వచ్చాయి. ఆ ధరకి ట్యాక్స్, ట్రాన్స్‌పోర్ట్, ఏజెంట్ ఖర్చు కలిపాక చవకేనా అని లెక్క వేసుకోండి. బండికి పదిహేనేళ్లు నిండుతుంటే, లేదా నిండి ఉంటే ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్, రెన్యువల్ కూడా అందులో కలపండి. లోన్ ఉంటే బ్యాంక్ ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 (ఆర్‌సీలోంచి లోన్ తీసేయించే ఫారం) అమ్మేవాడి దగ్గర నుంచే తీసుకోండి, యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు ఇచ్చేరోజే పెట్టించండి, పెండింగ్ చలాన్లు ఆయన చేతే కట్టించండి. ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోపు దరఖాస్తు పెట్టండి. ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి పాలసీ బండితో పాటే వస్తుంది గానీ, మీ బండి డ్యామేజీకి వచ్చే డబ్బు పాలసీ మీ పేరు మీద లేకపోతే రాదు.