పెద్దవాళ్లలో మెల్లకన్ను, లేజీ ఐ: ముందు పాతదో కొత్తదో తేల్చుకోండి

మెల్లకన్ను, లేజీ ఐ ఒకటి కాదు. ఒక కన్ను ఎదుటి మనిషిని చూస్తుంటే రెండోది ముక్కువైపుకో, చెవివైపుకో, పైకో, కిందికో పోతే అది మెల్ల. లేజీ ఐలో కన్ను చూడ్డానికి సరిగ్గానే ఉండొచ్చు. కానీ సరైన అద్దాలు పెట్టినా ఆ కంటితో చార్టులో కింది వరసలు చదవలేరు. చిన్నప్పుడు ఆ కన్ను పంపిన బొమ్మ మసకగానో, పక్కకు జరిగో ఉండటంతో మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసింది, అంతే. దీనికి మూడు దారులు: చిన్ననాటి మెల్ల, రెండు కళ్ల పవర్‌లో పెద్ద తేడా, పుట్టుకతో శుక్లమో రెప్ప వాలడమో ఉండి వెలుతురు సరిగ్గా లోపలికి పోకపోవడం. రెండో రకం వాళ్లలో చాలామందికి విషయం పాతికేళ్లొచ్చాక, ఏ ఉద్యోగపు మెడికల్ టెస్టులోనో ఒక కన్ను మూసి చదవమన్నప్పుడు గానీ బయటపడదు.

మెల్లకన్ను అదృష్టమని పెద్దలు అనడం, పిల్లాడిని డాక్టరుకు చూపించకపోవడం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. మెదడు చూపు నేర్చుకునే వయసు ఏడెనిమిదేళ్ల లోపే. ఆ ఏళ్లు అలా పోతాయి.

పాతదా, కొత్తదా

పెద్దవాళ్ల విషయంలో మొదటి ప్రశ్న ఇదే. పదో తరగతి గ్రూప్ ఫొటో, పెళ్లి ఆల్బమ్, పాత గుర్తింపు కార్డులు తీయండి. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ప్రతి నల్లగుడ్డు మీదా తెల్లటి చుక్కలా వెలుగు పడుతుంది. ఫొటోను పెద్దది చేసి, రెండు కళ్లలో ఆ చుక్క ఒకే చోట ఉందో లేదో చూడండి. తల ఎప్పుడూ ఒకే భుజం వైపు వంగి ఉందేమో కూడా గమనించండి. పుట్టుకతో ఒక నరం బలహీనంగా ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి తల వంచే నెట్టుకొచ్చి, నలభై దాటాక రెండు బొమ్మలు కనపడుతున్నాయని వస్తారు. ఆ ఫొటోలు డాక్టరుకు స్కానింగంత పనికొస్తాయి, వెంట తీసుకెళ్లండి.

చిన్ననాటి మెల్ల ఉన్నవాళ్లకు మామూలుగా రెండు బొమ్మలు కనపడవు. పక్కకు తిరిగిన కన్ను పంపే బొమ్మను మెదడు అణిచేస్తుంది. పెద్దయ్యాక కొత్తగా వచ్చిన మెల్లలో ఆ అణచివేత ఉండదు, అందుకే రోడ్డు మీద ఒక బస్సు రెండుగా కనపడుతుంది.

రెండుగా కనపడితే వెంటనే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. కుడికన్ను మూసి చూడండి, తర్వాత ఎడమకన్ను మూసి చూడండి. ఏ కన్ను మూసినా రెండో బొమ్మ పోతే కళ్ల గురి తప్పిందన్నమాట. ఒక కన్ను మూసినా, తెరిచిన కంటిలో ఇంకా నీడలా రెండో బొమ్మ ఉంటే అది శుక్లమో, సిలిండర్ పవరో, కన్ను పొడిబారడమో అయి ఉంటుంది. దానికి అంత కంగారు అక్కర్లేదు. డాక్టరు గదిలో మొదటి ప్రశ్న కూడా ఇదే కాబట్టి జవాబు తెలుసుకుని వెళ్లండి.

గురి తప్పడం వల్ల రెండుగా కనపడటం హఠాత్తుగా మొదలైతే ఆ రోజే చూపించుకోవాలి. కింద చెప్పినవాటిలో ఏది తోడైనా నేరుగా పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి:

- రెప్ప వాలి, ఆ కంటి కనుపాప రెండోదానికంటే పెద్దదిగా ఉంటే. మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతుండొచ్చు.
- మాట తడబడటం, మూతి వంకర, చెయ్యి కాలు పట్టు తప్పడం, నడకలో తూలడం.
- భరించలేని తలనొప్పి, తలకు దెబ్బ.
- యాభై దాటినవాళ్లలో కణతల నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి. చూపే పోయే ప్రమాదముంది.

ఇవేవీ లేకుండా, షుగరు, బీపీ ఉన్నవాళ్లలో కంటిని చెవివైపు తిప్పే ఆరో నరానికి రక్తం అందక మెల్ల రావడం మామూలు. ఇది చాలామందిలో మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. అలాగని పరీక్ష మానకూడదు. పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్ప వాలుతూ, రెండు బొమ్మలు పెరుగుతుంటే మయస్థీనియా (కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు) అనుమానిస్తారు. గుడ్లు ముందుకు పొడుచుకొచ్చినట్టుంటే థైరాయిడ్ పరీక్ష రాస్తారు.

ఇంట్లో చేసుకునే కవర్ టెస్ట్

ఇది నిర్ధారణకు కాదు, డాక్టరుకు చెప్పడానికి. మనిషిని కూర్చోబెట్టి, వాడే అద్దాలు పెట్టించి, ఆరు మీటర్ల దూరంలో గోడ క్యాలెండర్ మీద ఒక్క అంకెను చూడమనండి. ఏదైనా పెద్ద బొమ్మను చూడమంటే చూపు దాని మీద తిరుగుతుంటుంది, ఫలితం తప్పుతుంది. కుడికన్నును అట్టముక్కతో రెండు మూడు సెకన్లు మూయండి. చూడాల్సింది మూసిన కన్నును కాదు, తెరిచి ఉన్న ఎడమకన్నును. అందరూ తప్పేది ఇక్కడే. ఎడమకన్ను ముక్కువైపు నుంచి బయటికి కదిలి అంకెను పట్టుకుంటే, అది అంతదాకా లోపలికి తిరిగి ఉందని అర్థం. బయటి నుంచి లోపలికి వస్తే బయటి మెల్ల. తర్వాత రెండో కంటికీ చేయండి. మళ్లీ అదంతా మూరెడు దూరంలో పెన్ను మొన పెట్టి చేయండి, ఎందుకంటే కొన్ని మెల్లలు దూరానికే, కొన్ని దగ్గరికే కనపడతాయి.

చూపు మరీ తక్కువున్న కన్ను అంకెను పట్టుకోలేదు, అందుకే మెల్ల ఉన్నా కదలకపోవచ్చు. అప్పుడు ఫ్లాష్ ఫొటోలో పడే వెలుగు చుక్కే ఆధారం. చుక్క నల్లగుడ్డు నడిమి నుంచి ఒక మిల్లీమీటరు జరిగితే మెల్ల సుమారు 7 డిగ్రీలు. అయితే రెండు కళ్లలోనూ చుక్క ముక్కువైపు కొద్దిగా, సమానంగా జరిగి ఉంటే అది మామూలే.

ఎవరికి చూపించాలి

కళ్లజోడు షాపులో పవర్ చూస్తారు గానీ మెల్ల కొలవరు. మెల్ల చూసే స్పెషలిస్టులు చాలా ఆస్పత్రుల్లో పిల్లల కంటి విభాగంలోనే ఉంటారు. ఎల్.వి. ప్రసాద్ లాంటి పెద్ద సంస్థల్లోనూ ఈ రెండూ ఒకే విభాగం. యాభయ్యేళ్ల మనిషిని బొమ్మలు అతికించిన గదికి పంపితే పొరపాటున పంపారనుకోవద్దు. పాత కళ్లజోళ్లు, షుగర్ రిపోర్టులు, వాడే మందుల చీటీ తీసుకెళ్లండి. కంట్లో చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గరి చూపు మసకగా ఉంటుంది, బండి నడిపేవాళ్లు ఇంకొకరిని వెంట తెచ్చుకోండి.

వైద్యం

మొదట అద్దాలు. ప్లస్ పవర్ ఉన్నవాళ్లలో లోపలి మెల్ల కొంతమందికి అద్దాలతోనే సర్దుకుంటుంది. ఇలాంటివాళ్లు అద్దాలు వదిలించుకుందామని లేసిక్‌కు (లేజర్‌తో పవర్ సరిచేసే ఆపరేషన్) వెళ్లే ముందు మెల్ల డాక్టరుతో మాట్లాడాలి. అక్కడ ఒక కన్ను దూరానికి, ఒకటి దగ్గరికి పెట్టే పద్ధతి పాత మెల్లను మళ్లీ రేపొచ్చు, కొత్తగా రెండు బొమ్మలూ తేవచ్చు.

రెండుగా కనపడటం తగ్గడానికి, బొమ్మను జరిపి రెండింటినీ కలిపే ప్రిజమ్ అద్దాలున్నాయి. ఒక మీటరు దూరంలో బొమ్మను ఒక సెంటీమీటరు జరిపేది ఒక ప్రిజమ్ డయాప్టర్. రెండు అద్దాలకూ పంచి మొత్తం పది దాకా అద్దంలోనే అరగదీయొచ్చు. అంతకు మించితే అంచు మందమై బరువెక్కుతుంది. కొలత మారుతున్నంత కాలం పలచటి ప్లాస్టిక్ ఫ్రెనెల్ ప్రిజమ్‌ను అద్దం లోపలివైపు అతికిస్తారు. నీళ్లలో పెట్టి, నున్నటివైపు అద్దానికి ఆనించి, బుడగలు లేకుండా నొక్కాలి. దాని మీది సన్నగీతల వల్ల చూపు కొంచెం మసకబారుతుంది. ఏదీ లేనప్పుడు ఒక కంటి అద్దానికి సెల్లోటేపు అంటించినా రెండో బొమ్మ పోతుంది.

కొన్ని రకాలకు కండరంలో బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు, పట్టు మూడు నెలలు. ముడతల మందుగా పేరుపడ్డ దీనికి అమెరికాలో 1989లో తొలి అనుమతి వచ్చింది మెల్లకన్నుకు, రెప్పల ఈడ్పుకే.

ఆపరేషన్‌కు వయసు అడ్డం కాదు. కన్ను బయటికి తీసి పెడతారన్న భయం అక్కర్లేదు. తెల్లగుడ్డు మీది పొరను కొద్దిగా తెరిచి, కండరాన్ని విడదీసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి కుడతారు, లేదా ఇంకో కండరాన్ని కత్తిరించి బిగిస్తారు. పెద్దవాళ్లలో సర్దుబాటు కుట్టు వేసి, మత్తు దిగాక మేలుకుని ఉండగానే బిగుతు సరిచేసే వీలుంది. నరం దెబ్బతిని వచ్చిన మెల్లకు కొలత ఆరు నెలల పాటు మారకుండా ఉండేదాకా ఆగుతారు. తొందరపడి చేయిస్తే నరం కోలుకున్నాక కన్ను ఎదురువైపుకు పోతుంది. కన్ను సరిచేశాక రెండుగా కనపడుతుందేమో ముందే ప్రిజమ్‌తో చూడమని అడగండి. ఎరుపు కొన్ని వారాలుంటుంది. డాక్టరు చెప్పేదాకా కంట్లో సబ్బునీళ్లు పడనివ్వకండి, ఈత మానండి. కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది. ఆపరేషన్ గురిని సరిచేస్తుంది, లేజీ ఐ చూపును పెంచదు.

లేజీ ఐ ఒక్కటే ఉన్న పెద్దవాళ్లకు గ్యారంటీ చికిత్స లేదు. ‘ఇన్ని రోజుల్లో తగ్గిస్తాం’ అనే ప్యాకేజీలకు డబ్బు కట్టే ముందు, ఇంతదాకా ఎవరూ సరైన పవర్ ఇవ్వలేదేమో చూసుకోండి. ‘ఆ కంటికి ఎలాగూ కనపడదు కదా’ అని షాపులో బలహీనమైన కంటికి ఉత్త అద్దం బిగిస్తుంటారు. పూర్తి పవర్ ఇస్తే కొన్ని నెలల్లో ఒకటి రెండు వరసలు పెరిగినవాళ్లున్నారు. రెండు కళ్ల మధ్య తేడా మూడు నాలుగు పాయింట్లు దాటితే కళ్లజోడుతో బొమ్మల సైజు మారి తల తిరుగుతుంది, కాంటాక్ట్ లెన్స్ మేలు. మంచి కంటికి ప్యాచ్ వేసుకోవడం మాత్రం సొంతంగా చేయొద్దు. ఏళ్ల నాటి అణచివేత సడలితే రెండు బొమ్మలు మొదలై, తర్వాత ఏ ప్రిజమ్‌కూ లొంగకపోవచ్చు.

చేతిలో ఉన్నది మంచి కంటిని కాపాడుకోవడం. పవర్ లేకపోయినా, సులువుగా పగలని పాలికార్బొనేట్ అద్దాలు రోజంతా పెట్టుకోండి. వెల్డింగ్, గ్రైండింగ్, కొబ్బరికాయలు దింపడం, పొలంలో మందు కొట్టడం, దీపావళి టపాసులు, క్రికెట్, వీటికి పక్కలు మూసిన కళ్లద్దాలు తప్పనిసరి. ఏడాదికోసారి కంటి ఒత్తిడి, రెటీనా చూపించుకోండి. పోలీసు, సైన్యం, రైల్వే ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవాళ్లు కోచింగ్‌కు ఫీజు కట్టకముందే నోటిఫికేషన్‌లో కంటి నిబంధన చదవండి. మెల్లను అనర్హతగా రాసినవి ఉన్నాయి.