కొండ నడక – మూడో పాఠం: కొండవీడు చెరువుల దాకా గడియారం లెక్క

గుంటూరు నుంచి కొండవీడు ఎంత దూరం అంటే ఎవరైనా చెబుతారు, పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ అని. అదే కొండ కింద ఊళ్లో నిలబడి, పైన చెరువు ఎంత దూరమండీ అని అడిగి చూడండి. "ఎంతండీ, ఇక్కడే, ఇలా వెళ్లి అలా వచ్చెయ్యడమే" అంటారు. వాళ్లేం అబద్ధం చెప్పడం లేదు. మేకల వెంట రోజూ ఎక్కి దిగే కాళ్లకు అది నిజంగానే ఇక్కడే. మనకు కాదు. అందుకని కొండ దగ్గర "ఎంత దూరం" అని అడిగి లాభం లేదు. "ఎంతసేపు" అని అడగాలి, జవాబు మనమే లెక్క కట్టుకోవాలి. ఈ పాఠంలో ముఖ్యంగా నేర్చుకునేది ఆ లెక్కే.

మొదటి పాఠంలో బూట్లు, సంచి సంగతి చూశాం. రెండో పాఠంలో మంగళగిరి పానకాల స్వామి మెట్ల మీద ఊపిరి అదుపులో పెట్టుకోవడం సాధన చేశాం. అవి చదవకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు ముందు ఒక ఆదివారం పొద్దున ఆ మెట్లు ఎక్కి దిగి రండి. మర్నాడు మామూలుగా ఆఫీసుకు వెళ్లగలిగితే కొండవీడుకు మీ కాళ్లు సిద్ధమే.

కొండవీడునే ఎందుకు ఎంచుకున్నానంటే, కొండ మీద చెరువులున్న చోటు మనకింత దగ్గర్లో దొరకడం అదృష్టం. ఇది రెడ్డిరాజుల రాజధాని. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్న కోట. అంతమంది జనం, సైన్యం కొండ మీద బతకాలంటే నీళ్లు కావాలి కదా. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడున్నాయి. కొండల మధ్య పల్లంలో వాననీళ్లు నిలిచే చోటు చూసి కట్టుకున్నారు. 2022లో జిల్లాలు విడగొట్టాక కాగితం మీద ఇది పల్నాడులోకి పోయింది గానీ, గుంటూరువాళ్లు ఇప్పటికీ మా కొండవీడే అంటారు. విజయవాడవాళ్లు చెన్నై హైవే పట్టుకుని చిలకలూరిపేట వైపు వస్తే సరిపోతుంది.

ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు కూడా వేశారు. కారు ఏసీ ఆపకుండా చెరువు గట్టుకు చేరిపోవచ్చు. ముసలివాళ్లను, చంటిపిల్లలను తీసుకెళ్లడానికి మంచిదే. మన పాఠానికి మాత్రం పాత మెట్ల దారే.

ఇక లెక్క. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. నేటి కొలతల్లో చెప్పుకుంటే, చదునుగా ఉన్న దూరానికి గంటకు 5 కిలోమీటర్లు వేసుకోవాలి. ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ మరో గంట కలపాలి. అంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ 10 నిమిషాలు. ఇంతే సూత్రం. నూరేళ్లు దాటినా కొండలెక్కేవాళ్లు ఇప్పటికీ దీన్నే మొదట పట్టుకుంటారు.

ఒక లెక్క చేద్దాం. ఇంటి దగ్గరే ఫోన్లో మ్యాప్ తెరిచి మీ దారి పొడవు, ఎత్తు చూసుకోండి. నేర్చుకోవడానికి గుండ్రంగా, ఒకవైపు 4 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 300 మీటర్లు అనుకుందాం. నాలుగు కిలోమీటర్లకు 48 నిమిషాలు. మూడు వందల మీటర్లకు 30 నిమిషాలు. మొత్తం 78. కాకపోతే నైస్మిత్ నడిచింది స్కాట్లండ్ చలిలో, మంచి అలవాటున్న కాళ్లతో. మన ఎండకు, మన రాళ్లకు, వారమంతా కుర్చీలో కూర్చునే మన ఒంటికి ఇంకో సగం కలపండి. రెండు గంటలు. సగం కలపడం సూత్రంలో లేదు, నా సలహా. ఎక్కువ అనిపిస్తే మీ అనుభవం మీద తగ్గించుకోండి, అంతేగానీ మొదటిసారే తగ్గించకండి.

దిగడానికి ఎక్కినదాంట్లో సగం చాలనుకుంటారు చాలామంది. అరిగిన రాతి మెట్ల మీద అలా కుదరదు. గంటన్నర వేసుకోండి. చెరువు దగ్గర ఒక గంట. మధ్యలో ఆగడాలకు అరగంట. అన్నీ కలిపితే అయిదు గంటలు.

ఇప్పుడు వెనక్కి లెక్క. పదకొండున్నరకల్లా కింద ఉండాలి, ఆ తర్వాత ఎండ నెత్తి మీదికొస్తుంది. పదకొండున్నర లోంచి అయిదు గంటలు తీసేస్తే ఆరున్నర. డిసెంబరు, జనవరి నెలల్లో సరిగ్గా తెల్లవారే వేళ. గుంటూరులో బండి తీసేది ఆరున్నరకు కాదు, మొదటి మెట్టు మీద కాలు పెట్టేది ఆరున్నరకు. ఈ తేడా దగ్గరే సగం ప్రయాణాలు చెడిపోతాయి. ఏటుకూరు బైపాస్ దగ్గర టీ, దారిలో టిఫిన్, ఎవరో ఒకరికి బ్యాటరీ కొనడం... చూస్తుండగానే ఎనిమిది. టిఫిన్ ఇంట్లోనే కానివ్వండి. ఇడ్లీ అయితే హాయి. మిరపకాయ బజ్జీ గుంటూరు గౌరవమే అయినా ఆ రోజు మాత్రం తిరిగొచ్చాక.

అసలైన అంకె ఇంకోటి ఉంది. వెనుదిరిగే వేళ. పై లెక్కలో అది తొమ్మిదిన్నర. మామూలుగా నడిస్తే ఎనిమిదిన్నర, తొమ్మిదికి చెరువు చేరి, కాసేపు కూర్చుని, తొమ్మిదిన్నరకు లేస్తారు. ఆలస్యమై తొమ్మిదిన్నరకు ఇంకా మెట్ల మీదే ఉన్నారనుకోండి, చెరువు మలుపు తిరిగితే కనిపిస్తుందని ఎవరు చెప్పినా సరే, అక్కడే వెనుదిరగాలి. ఈ వేళను కింద ఉండగానే, ఒంట్లో ఓపిక ఉండగానే అందరికీ చెప్పి ఒప్పించాలి. పైకెళ్లాక పెట్టుకుంటే అది బేరమైపోతుంది. "ఇంకో పది నిమిషాలు బావా" అంటారు. ఆ పది నిమిషాలు అరగంట అవుతుంది. మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రం దిగుదాం అనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. డిసెంబరులో అయిదున్నర దాటితే పొద్దు గుంకుతుంది. కొండ వెనక్కి సూర్యుడు వెళ్లాక మెట్ల మీద చీకటి అంతకంటే ముందే పడుతుంది.

లెక్క అయింది, ఇక నడక.

మొదటి ఇరవై నిమిషాలు మరీ నెమ్మదిగా నడుస్తున్నామే అనిపించేలా నడవండి. కండరాలకు రక్తం అందడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. రెండు మాటలకే రొప్పు వస్తే తగ్గించాలి. పరుగున ఎక్కి, ఆగి, మళ్లీ పరుగున ఎక్కడం కంటే ఆగకుండా మెల్లగా పోవడమే త్వరగా చేరుస్తుంది.

మెట్టు మీద మడమతో సహా మొత్తం పాదం ఆనించండి. మునివేళ్ల మీద ఎక్కితే పిక్కలు అరగంటలో పట్టేస్తాయి. నిటారు మెట్లు వచ్చినప్పుడు ఇంకో కిటుకు ఉంది. వెనక కాలు మోకాలు దగ్గర తిన్నగా చేసి, ఒంటి బరువంతా దాని మీద ఒక్క క్షణం నిలపండి. ముందు కాలు మెట్టు మీద ఊరికే ఆని ఉంటుంది. ఆ క్షణంలో బరువు మోసేది ఎముక, కండరం కాదు. తర్వాత బరువు ముందు కాలి మీదికి మార్చి అదే చేయండి. అడుగడుగుకూ ఇలా ఒక చిన్న విశ్రాంతి దొరుకుతుంది. మొదట నత్తనడకలా అనిపిస్తుంది, కానీ గంట గడిచాక ముందు పరుగెత్తినవాళ్లు దారి పక్కన కూర్చుని కనిపిస్తారు.

గుంపుతో వెళ్తే అందరికంటే నెమ్మదైన మనిషిని ముందు నడిపించండి. మామూలుగా జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. హుషారైనవాడు ముందు పోయి, పైన రాతి మీద కూర్చుని సెల్ఫీలు దిగుతాడు. వెనకవాళ్లు రొప్పుతూ చేరగానే "రండి రండి, పోదాం" అని లేస్తాడు. వాడికి విశ్రాంతి దొరికింది, అవసరమైనవాళ్లకు దొరకలేదు. ఇంట్లో ఇలాంటి బావమరిది ఉంటే వరసలో చివర పెట్టి నీళ్ల సంచి ఇవ్వండి.

దారికి అటూ ఇటూ ఉండేది దట్టమైన అడవి కాదు. రేగు, తుమ్మ, బలుసు, తంగేడు, సీతాఫలం చెట్లతో నిండిన ముళ్ల పొదల అడవి. కొండవీడు సీతాఫలాలకు పేరు, దసరా దాటితే కాయలు కనిపిస్తాయి. రేగు కొమ్మను ఒకసారి దగ్గరగా చూడండి. ఆకు మొదట్లో రెండు ముళ్లుంటాయి, ఒకటి తిన్నగా, ఒకటి కొక్కెంలా వంగి. చొక్కా పట్టుకునేది ఆ వంగిన ముల్లే. అది పట్టుకున్నప్పుడు ముందుకు లాగితే ఇంకా దిగుతుంది, బట్ట చిరుగుతుంది. ఒక అడుగు వెనక్కి వేయండి, దానంతటదే వదులుతుంది. పూర్తి చేతుల నూలు చొక్కా, మందంగా ఉండే ప్యాంటు వేసుకోమని మొదటి పాఠంలో చెప్పింది ఇందుకే.

నీళ్ల సంగతి. మనిషికి గంటకు అర లీటరు చొప్పున, అయిదు గంటలకు రెండున్నర, చేతిలో ఇంకో అర లీటరు. అంటే మూడు లీటర్లు, మూడు కిలోల బరువు. బరువని ఒక సీసా కార్లో వదిలేయకండి. పైన చెరువుంది కదా అంటారేమో, ఆ నీళ్లు కాచకుండా తాగేవి కావు. ఒక లీటరులో ఓఆర్‌ఎస్ కలుపుకోండి. ప్యాకెట్ మీద లీటరుకు అని ఉంటే మొత్తం లీటరులోనే కలపాలి, అర లీటరు సీసాలో మొత్తం పోసేస్తే ఉప్పు ఎక్కువై దాహం ఇంకా పెరుగుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, స్పూను అంచుకు సమంగా కొలిచి. చెమట ధారగా కారేటప్పుడు ఉత్త నీళ్లే గంటల తరబడి తాగుతూ పోయినా మంచిది కాదు, ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు వస్తాయి. పల్లీ పట్టీ, పులిహోర నడుమ నడుమ తింటే ఆ బాధ ఉండదు.

కొండ మీద చల్లగా ఉంటుందని చెప్పేవాళ్లను నమ్మకండి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మన మూడు వందల మీటర్లకు రెండు డిగ్రీలు. మార్చి నుంచి వానలు పడేదాకా ఈ నడక పెట్టుకోవద్దు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. ముందు చల్లబరచడం, తర్వాతే మోయడం.

పాములకు భయపడేవాళ్లు ఉంటారు. రాతి సందుల్లో చెయ్యి పెట్టకపోతే, చూడకుండా బండ మీద కూర్చోకపోతే అవి మన జోలికి రావు. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. ఆ కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చడమే పని. నాటుమందు కోసం ఆగితే పోయేది ప్రాణానికి అక్కరకొచ్చే సమయం.

చెరువు చేరాక బూట్లు విప్పి పాదాలు ఆరబెట్టండి. గాలికి తేమ ఆరితే దిగేటప్పుడు బొబ్బలు లేవవు. ఈతకు దిగొద్దు. అంచు రాళ్ల మీద పాచి ఉంటుంది, లోపల ఎంత లోతో పైనుంచి తెలియదు. కోతులుంటే తినేది చేతిలో పట్టుకుని నడవకండి, కవరు చప్పుడు చాలు వాటికి. అక్కడి అందం గురించి నేను రాయను, చూస్తారుగా.

లేచే ముందు బూట్ల తాళ్లు విప్పి మళ్లీ కట్టాలి. ఎక్కేటప్పుడు చీలమండ దగ్గర కాస్త వదులుగా ఉన్నా ఫర్వాలేదు. దిగేటప్పుడు అక్కడ బిగువుగా ఉండాలి. లేకపోతే పాదం ముందుకు జారి, ప్రతి మెట్టుకూ బొటనవేలి గోరు బూటు ముందు భాగానికి కొట్టుకుంటుంది. రెండు రోజులకు గోరు నల్లబడుతుంది. మోకాళ్లు కొద్దిగా వంచి, చిన్న అడుగులు వేయండి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు ఆపాలి, ఆ పని దానికి అలవాటు లేదు. మర్నాడు, ఆ పైరోజు మెట్లు దిగితే నొప్పి తెలిసేది అందుకే. బండ మీద సన్నటి గులక ఉన్న చోట మడమ ఆనించి జారకండి, పాదమంతా ఆనేలా పక్కకు తిరిగి దిగండి. పడేవాళ్లు ఎక్కువగా దిగేటప్పుడే, అదీ కింది మెట్లు కనిపించి కబుర్లలో పడ్డాకే పడతారు.

ఈ వారం మీ పని: ఇంటి దగ్గర చదును రోడ్డు మీద సంచిలో మూడు లీటర్ల నీళ్లు వేసుకుని 4 కిలోమీటర్లు నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. 48 కంటే ఎంత ఎక్కువైతే, పై లెక్కలో ఎక్కడానికీ అంత నిష్పత్తిలో కలపండి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు లిఫ్ట్ మాని, వెనక కాలు నిలిపే కిటుకు మెట్ల మీద సాధన చేయండి. ఒక కాగితం మీద బయల్దేరే వేళ, వెనుదిరిగే వేళ, దిగే వేళ రాసి, ఒక ప్రతి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. దిగే వేళ దాటి రెండు గంటలైనా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా అందులోనే రాయండి.

వచ్చే పాఠం కొండపల్లి అడవిలో, సిగ్నల్ లేని చోట ఫోన్ మ్యాప్ వాడటం గురించి. దానికి కావాల్సిన మ్యాప్ ఇంట్లో వైఫై ఉండగానే డౌన్‌లోడ్ చేసి ఉంచండి.