నర్సింగ్ విద్యార్థులకు ఆసుపత్రి శిక్షణ: కళాశాల, ఆసుపత్రి ఒప్పందం చేసుకునే విధానం

క్లినికల్ పోస్టింగ్ (విద్యార్థులు వార్డుల్లో పని నేర్చుకునే శిక్షణ) కోసం వేరే ఆసుపత్రితో ఒప్పందం చేసుకోదలచిన నర్సింగ్ కళాశాల, రోగి మంచం పక్కన నిలబడి విద్యార్థికి ఎవరు నేర్పుతారన్నది ముందుగా తేల్చుకోవాలి. ఆ సంగతి రాసుకోని ఒప్పందాల వల్ల విద్యార్థులు దుప్పట్లు మార్చడానికీ, శాంపిళ్లు ల్యాబుకు చేరవేయడానికీ పరిమితమైపోతారు.

మొదట వార్డుల సామర్థ్యాన్ని లెక్కగట్టండి. భారత నర్సింగ్ కౌన్సిల్ ఒక విద్యార్థికి ముగ్గురు రోగులుండాలని చెబుతోంది కాబట్టి, మొత్తం పడకల సంఖ్యతో సరిపెట్టుకోకుండా గత కొన్ని నెలల్లో నిజంగా నిండిన పడకలెన్నో రికార్డుల్లో చూడాలి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఒకే ప్రసూతి వార్డుకు పలు కళాశాలల విద్యార్థులు వస్తుంటారు. అందువల్ల నర్సింగ్ సూపరింటెండెంట్‌తో కూర్చుని అన్ని కళాశాలలకూ కలిపి ఏడాది రొటేషన్ ప్లాన్ తయారు చేసుకోవడం తప్పనిసరి.

బోధన బాధ్యతను ప్రతి వార్డులో ఒక సీనియర్ స్టాఫ్ నర్సుకూ, కళాశాల ట్యూటరుకూ పేర్లతో సహా అప్పగించాలి. ట్యూటరు హాజరు తీసుకుని వెళ్లిపోకూడదు. ఉదాహరణకు, విద్యార్థి ఇంజెక్షన్ ఇవ్వవలసి వస్తే కేస్ షీటులో డాక్టరు రాసిన మందు, మోతాదు చదివించి, రోగి పేరు అడిగించి, డోసు లెక్క నోటితో చెప్పించి, ఇచ్చాక షీటులో పక్కన ట్యూటరు తానూ సంతకం చేయాలి. అప్పుడే లాగ్‌బుక్‌లో (విద్యార్థి నేర్చిన పనులు రాసే పుస్తకంలో) ఆ పని నేర్చినట్టు నమోదు చేయాలి. డ్యూటీ పట్టికలో విద్యార్థిని సిబ్బంది కింద లెక్కించరాదన్న షరతును ఒప్పందంలో స్పష్టంగా రాయించండి. ఇందులో రాజీ పడితే రోగికీ, విద్యార్థికీ నష్టమే.

భద్రత విషయాన్ని మాటలతో వదిలేయవద్దు. పోస్టింగుకు ముందే హెపటైటిస్ బి టీకా వేయించాలి. సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో, హెచ్ఐవీ నివారణ మందు ఏ సమయంలోనైనా ఎక్కడ దొరుకుతుందో, ఖర్చు ఎవరు భరిస్తారో ముందే నిర్ణయించాలి. ఆ మందు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలు కావాలి.

నేర్పే నర్సు సమయానికి విలువ కట్టడాన్ని చాలా కళాశాలలు మరచిపోతాయి. బోధన చేసే రోజున ఆమెకు కేటాయించే రోగుల సంఖ్య తగ్గించాలని, కళాశాల శిక్షణ తరగతుల్లో ఆమెకు అవకాశం ఇవ్వాలని, నెలకోసారి ట్యూటర్లతో సమావేశమై విద్యార్థుల లోపాలను చర్చించాలని ఒప్పందంలోనే చేర్చండి.